తెలివిమాలిన మాట ‘నైస్’



1815 జూన్ 18న, ఇప్పటి బెల్జియంలో, బ్రస్సెల్స్ నగరానికి కొంచెం దూరంలో, వాటర్లూ దగ్గర యుద్ధం జరిగింది. నెపోలియన్ ఓడిపోయాడు. రెండు వైపులా కలుపుకుంటే ఆ ఒక్క రోజున చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ 40 వేల పైమాటే. మర్నాడు ఇంగ్లీషు సేనాని వెల్లింగ్టన్ బ్రస్సెల్స్‌కు వచ్చాడు. ఆ ఊళ్లోనే మకాం ఉన్న థామస్ క్రీవీ అనే బ్రిటిష్ రాజకీయ నాయకుడు వెళ్లి ఆయన్ని కలిశాడు. యుద్ధం ఎలా సాగిందో వెల్లింగ్టన్ చెప్పిన మాటల్ని క్రీవీ రాసిపెట్టుకున్నాడు. ఆ మాటల్లో యుద్ధానికి వెల్లింగ్టన్ తగిలించిన విశేషణం ‘నైస్’. దానికి ముందు ఒక చిన్న తిట్టు కూడా ఉందనుకోండి, రేడియోలో అది వద్దు.

ఈ వెల్లింగ్టన్ మనకు బొత్తిగా తెలియనివాడేం కాదు. ఆర్థర్ వెల్లెస్లీగా ఉన్న రోజుల్లో, 1799లో, టిప్పు సుల్తాను మీదికి దండెత్తిన హైదరాబాదు నిజాం సేనను నడిపించింది ఆయనే. రాతిగుండె మనిషి కూడా కాదు. వాటర్లూలో పోయినవాళ్ల పేర్లు చదివి వినిపిస్తుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మరి అంత నెత్తురు చూసి వచ్చినవాడు, బిస్కెట్ కొరికి చప్పరించినట్టు, ‘నైస్’ అంటాడా?

అన్నాడు. కానీ ఆయన ఉద్దేశం వేరు. వెంట్రుకవాసిలో తప్పింది, అటో ఇటో తేల్చడం కష్టమైపోయింది, సూదిమొన మీద నిలబడి గెలిచాం అని ఆయన చెప్పదలచుకున్నది. 1815లో ‘నైస్’ అన్న మాటకు ఆ అర్థం నిక్షేపంగా ఉంది. దాని పక్కనే మనకు తెలిసిన ‘బాగుంది’ అన్న అర్థమూ అప్పటికే వచ్చి కూర్చుంది. అంతకు అయిదు వందల ఏళ్ల ముందు ఈ రెండూ లేవు. అప్పుడు ‘నైస్’ అంటే తెలివితక్కువవాడు.

మనం రోజుకు పదిసార్లు వాడే ఈ బుల్లి మాట ఇన్ని వేషాలు ఎలా వేసిందో ఈ పూట చెప్పుకుందాం.

దీని పుట్టిల్లు లాటిన్. ఆ భాషలో ‘స్కీరే’ అంటే తెలుసుకోవడం. దానికి కాదనే ‘నె’ ముందు చేరితే ‘నెస్కియుస్’, ఏమీ తెలియనివాడు. మనం ‘జ్ఞ’కు ముందు ‘అ’ చేర్చి అజ్ఞుడు అన్నట్టే. ఆ ‘స్కీరే’ నుంచే ‘సైన్స్’ వచ్చింది, మనస్సాక్షికి ఇంగ్లీషువాళ్లు వాడే ‘కాన్షెన్స్’ వచ్చింది. అంటే సైన్సూ నైసూ ఒకే కుదుటివి. ఒకటేమో తెలివి, రెండోదేమో తెలివిలేమి.

భాషా శాస్త్రజ్ఞులు ఇంకాస్త లోతుకు తవ్వుతారు. ‘స్కీరే’కు అసలు మొదట్లో ఉన్న అర్థం కోయడం, విడదీయడం అంటారు వాళ్లు. ఇది వేరు, అది వేరు అని విడదీసి చూడగలిగినప్పుడే తెలిసినట్టు లెక్క. సంస్కృతంలోని ‘ఛిద్’ ధాతువు కూడా ఆ కుటుంబంలోదే. కేసు మిస్టరీని ఛేదించారంటాం, క్రికెట్టులో లక్ష్యాన్ని ఛేదించారంటాం, ఆ ఛేదించడమే ఇది. ఆ లెక్కన నెస్కియుస్ అంటే విడదీసి చూడడం చేతకానివాడన్నమాట. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందుముందు పనికొస్తుంది.

లాటిన్ మాట పాత ఫ్రెంచిలోకి వచ్చేసరికి అరిగి, కురచై, ‘నీస్’ అయింది. అర్థం మాత్రం మారలేదు. తెలివితక్కువ, అమాయకం, చేతకానితనం, అంతే. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఆ దేశపు దొరలూ కోర్టులూ ఫ్రెంచి మాట్లాడాయి. ఆ దారిన వేల ఫ్రెంచి మాటలు ఇంగ్లీషులోకి వచ్చాయి. 1300 ప్రాంతానికి ‘నైస్’ కూడా వచ్చింది. అప్పటికి ఇంగ్లీషువాళ్లు కూడా దాన్ని ‘నీస్’ అనే పలికేవారు. ఆ తర్వాతి రెండు మూడు శతాబ్దాల్లో ఇంగ్లీషు అచ్చులన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ జరిగిపోయాయి. ఆ కదలికలోనే ‘నీస్’ ‘నైస్’ అయింది. ఫ్రాన్సులో సముద్రపు ఒడ్డున నీస్ అని ఒక నగరం ఉంది, ఇంగ్లీషులో రెంటికీ అక్షరాలు ఒకటే. కానీ చుట్టరికమేమీ లేదు. ఆ ఊరి పేరు గ్రీకుల విజయదేవత నైకీ నుంచి వచ్చింది. బూట్ల కంపెనీ పేరు కూడా ఆవిడదే.

ఇంగ్లీషు కవిత్వానికి పితామహుడనిపించుకున్న చాసర్ 14వ శతాబ్దివాడు. ఆయన రచనల్లో ఈ మాట చాలాచోట్ల కనిపిస్తుంది, చాలాచోట్ల అర్థం తెలివిమాలిన అనే. అందులో ఒక చోటు గురించి మాత్రం ఆగి చెప్పుకోవాలి. 1380లలో ఆయన ‘ట్రాయిలస్ అండ్ క్రిసేడ్’ అనే పెద్ద ప్రేమకావ్యం రాశాడు. కథ జరిగింది ట్రాయ్ నగరంలో, పాతకాలంలో. అప్పటి ప్రేమికుల మాటతీరు మా రోజుల మాటతీరులా లేదేమని పాఠకులు అంటారేమోనని, రెండో సర్గ మొదట్లో సంజాయిషీ లాంటిది చెప్పుకున్నాడు. దాని భావం ఇది: వెయ్యేళ్లు గడిస్తే భాష మారిపోతుంది, ఆనాడు విలువున్న మాటలు ఈనాడు మనకు విడ్డూరంగా తోస్తాయి, అయినా వాళ్లు అలాగే మాట్లాడుకున్నారు, మనలాగే ప్రేమించుకున్నారు. ఆ పాత మాటలు నేటివాళ్లకు వెర్రిగా, వింతగా అనిపిస్తాయని చెప్పడానికి ఆయన వాడిన విశేషణాల్లో మొదటిది ‘నైస్’!

ఇప్పుడు ఇంగ్లీషు సాహిత్యం చదివే విద్యార్థి ఎవరైనా నోట్సు చూడకుండా ఆ పద్యం చదివితే, పాత మాటలు మనకు ఎంతో ముచ్చటగా అనిపిస్తాయని చాసర్ చెబుతున్నాడనుకుంటాడు. మాటలు మారిపోతాయని హెచ్చరించిన పద్యంలో, సరిగ్గా ఆ హెచ్చరిక చేసిన మాటే మారిపోయి కూర్చుంది. కవికి తెలియని చమత్కారం ఇది. కాలం చేసింది.

ఇక తెలివితక్కువ నుంచి బయల్దేరి మంచిదాకా ఎలా వచ్చింది? ఒక్క గంతులో రాలేదు. ఏ మాటా అలా గంతు వెయ్యదు. చెప్పినవాడు ఒకటి అనుకుని చెబుతాడు, విన్నవాడు దాని పక్కది పట్టుకుంటాడు. తర్వాత ఆ పక్కదాన్నే తను వాడతాడు.

1400 ప్రాంతంలో ఒక యువకుడు ఆస్తి తగలేసి పట్టుబట్టలు, కుచ్చుల టోపీ వేసుకుని వీధిలో తిరుగుతున్నాడనుకోండి. చూసిన పెద్దాయన ‘నైస్’ అన్నాడు. ఆయన ఉద్దేశం, ఒట్టి వెర్రివెధవ అని. విన్నవాళ్లకు కనిపించింది వాడి వెర్రి కాదు, వాడి సోకు. ‘నైస్’ అంటే షోకిల్లా అనుకున్నారు. సోకులవాడికి సుకుమారం ఎక్కువ, ఇది ముట్టడు, అది తినడు. అలా ‘నైస్’కు నాజూకు అన్న అర్థం చేరింది. దానికి ఇంకో పక్క నుంచి, మగవాళ్లు పలకరిస్తే తల వంచుకుని వెళ్లిపోయే పిల్లను కూడా ‘నైస్’ అన్నారు, బిడియస్తురాలు అనే అర్థంలో. విచిత్రమేమిటంటే, అదే రోజుల్లో సిగ్గూ ఎగ్గూ లేని విలాసవతిని కూడా ‘నైస్’ అనడం ఉంది. రెండూ తెలివితక్కువతనం కిందే జమకట్టారు మరి. ఒకే మాటకు సిగ్గూ సిగ్గులేనితనమూ రెండూ అర్థాలైతే విన్నవాడి గతేమిటి?

విన్నవాడి సంగతి అలా ఉంచండి, నిఘంటుకారుల గతీ అదే అయింది. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు మొదటి కూర్పు 1884 నుంచి 1928 దాకా విడతలు విడతలుగా అచ్చయింది. ఒక్కొక్క మాట ఏ ఏట ఎవరు ఏ అర్థంలో వాడారో వాక్యాలతో సహా ఎత్తి చూపిన మహాగ్రంథం అది. అంతటి నిఘంటువు ‘నైస్’ దగ్గరికొచ్చి చేతులెత్తేసింది. 16, 17 శతాబ్దాల వాక్యాల్లో చాలాచోట్ల ఆ రచయిత ఈ మాటను ఏ అర్థంలో వాడాడో తేల్చడం కష్టమని నిజాయితీగా ఒప్పుకుంది.

షేక్‌స్పియర్ మాట కూడా చెప్పుకోవాలి. ‘రోమియో అండ్ జూలియట్’ విషాదమంతా ఒక ఉత్తరం మీద నడుస్తుందని మీకు తెలుసు. జూలియట్ చనిపోలేదు, మందు తాగి నిద్రలో ఉంది, వచ్చి తీసుకుపో అని రోమియోకు కబురు పంపాలి. ఆ ఉత్తరం తీసుకెళ్లిన సన్యాసి మార్గమధ్యంలో ఒక ఇంట్లో చిక్కుపడతాడు. ఆ ఇంట్లో ప్లేగు ఉందన్న అనుమానంతో అధికారులు తలుపులు మూసి ముద్ర వేస్తారు. క్వారంటైన్ అన్నమాట, మనకు ఇప్పుడు వివరించి చెప్పక్కర్లేదు. ఉత్తరం అందలేదని తెలిసి, దాన్ని రాసి పంపిన లారెన్స్ గురువు గుండె బాదుకుంటాడు. అందులో ఉన్నది ‘నైస్’ సంగతి కాదు అంటాడు. మంచి సంగతి కాదని ఆయన భావం కాదు. అది ఆషామాషీ విషయం కాదు, ప్రాణం మీదిది అని. అదే నాటకంలో అంతకు ముందు, వీధిలో కత్తులు దూసుకున్న గొడవను గురించి రోమియో మిత్రుడు బెన్వోలియో కూడా ఇదే మాట వాడతాడు. ఎంత చిన్న విషయానికి కొట్టుకున్నారో చూడండి అని. తెలివితక్కువ పని అంటే పట్టించుకోనక్కర్లేని పని. పట్టించుకోనక్కర్లేనిది అంటే చిన్నది. ఆ మెట్లమీదుగా ‘నైస్’ అల్పం అయింది.

చిన్నది అన్న అర్థం వచ్చాక అసలు మలుపు వచ్చింది. చిన్నచిన్న తేడాలు కనిపెట్టడానికి చురుకైన కన్ను కావాలి. ఇది ముట్టను, అది ముట్టను అనే సుకుమారుడికి ఆ కన్ను ఉంటుంది. కూరలో ఉప్పు ఒక రవ్వ ఎక్కువైనా అతని నాలుక పట్టేస్తుంది. ఇలా 16వ శతాబ్దిలో ‘నైస్’ కాస్తా నిశితమైన, సూక్ష్మమైన, రవ్వంత తేడా కూడా పోనివ్వని అనే అర్థానికి వచ్చింది. సరిగ్గా తూచే త్రాసు నైస్. రెండు అర్థాల మధ్య సన్నటి గీత గీయడం నైస్. అతి చేస్తే అదీ నైసే. కోడిగుడ్డు మీద ఈకలు పీకే మనిషిని కూడా అప్పుడు ఆ మాటే అన్నారు.

లాటిన్ మూలం గుర్తుంచుకోమన్నాను కదా. విడదీసి చూడడం చేతకానివాడు అని మొదలైన మాట, ఇంగ్లీషులోకి వచ్చిన రెండు మూడు వందల ఏళ్లలో, వెంట్రుకను కూడా నిలువునా చీల్చి చూసేవాడు అనే చోటికి చేరింది. తన మూలార్థానికి తానే ఎదురు నిలిచిన మాటలు ఏ భాషలోనైనా అరుదే. ‘నైస్’ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా నచ్చే మజిలీ ఇదే. వాటర్లూ యుద్ధాన్ని వెల్లింగ్టన్ కొలిచింది కూడా ఈ కొలబద్దతోనే.

1755లో శామ్యూల్ జాన్సన్ తన ఇంగ్లీషు నిఘంటువు వెలువరించాడు. 40 వేలకు పైగా మాటలున్న గ్రంథం. అందులో ‘నైస్’ కింద ఆయన ఇచ్చిన అర్థాలు చూస్తే ఆ కాలం కొలత తెలుస్తుంది. నిశితమైన, అతి జాగ్రత్త గల, ఎంతకీ తృప్తిపడని, నాజూకైన, మెరుగుపెట్టిన. ఆహ్లాదకరమైన అన్న అర్థం ఆ పట్టికలో లేదు. దీని పుట్టుక గురించి కూడా ఆయన పొరబడ్డాడు. పాత ఇంగ్లీషులో మెత్తదనాన్ని చెప్పే ఒక మాట నుంచి వచ్చిందనుకున్నాడు. లాటిన్ అజ్ఞాని ఆయన కంటపడలేదు.

జాన్సన్ పట్టికలో లేకపోయినా జనం నోట మాత్రం కొత్త అర్థం తిరుగుతూనే ఉంది. నాజూకైన అభిరుచి గలవాడు మెచ్చేది నైస్ వస్తువు. ఇంకొన్నాళ్లకు ఎవరు మెచ్చినా నైసే. 18వ శతాబ్ది నడుస్తుండగా భోజనం నైస్, వాన వెలిసిన సాయంత్రం నైస్, గౌను నైస్. 19వ శతాబ్ది తొలినాళ్లకు దయగల మనిషి కూడా నైస్ అయిపోయాడు.

ఇది నచ్చనివాళ్లు ఉండరా? ఉన్నారు. వాళ్లలో అందరికన్నా సరసుడు ఒక నవలలో పాత్ర. జేన్ ఆస్టెన్ రాసిన ‘నార్తాంగర్ ఆబీ’లో హెన్రీ టిల్నీ అనే యువకుడు. బాత్ నగరం పక్కనున్న కొండమీదికి టిల్నీ, అతని చెల్లెలు, కథానాయిక కాథరిన్ షికారు వెళతారు. పదిహేడేళ్ల కాథరిన్‌కు ఆన్ రాడ్‌క్లిఫ్ రాసిన ‘ఉడాల్ఫో’ అనే భయానక నవల అంటే ప్రాణం. ప్రపంచంలో అంత నైస్ పుస్తకం లేదు కదూ అంటుంది. నైస్ అంటే పొందికైనది అనే కదా మీ ఉద్దేశం, అది బైండింగును బట్టి ఉంటుంది అంటాడు టిల్నీ. చెల్లెలు కసురుకుంటుంది. నా మాటల్లో కూడా ఇలాగే తప్పులు పడుతుంటాడు, ఇక జాన్సన్‌ను తెచ్చి మన నెత్తిన వేస్తాడు చూడు అని. నేనేం తప్పు మాట అనలేదే, అది నైస్ పుస్తకమే కదా అంటుంది కాథరిన్ పాపం. అప్పుడు టిల్నీ వరస మొదలెడతాడు. ఈ రోజు నైస్, ఈ నడక నైస్, మీరిద్దరూ నైస్, ఈ ఒక్క మాట ఉంటే చాలు దేనికైనా పనికొస్తుంది అని. చివర్లో పంతులుగారిలా ఒక తీర్మానం కూడా చేస్తాడు. అసలు మొదట్లో ఈ మాటను పొందిక, ఔచిత్యం, సున్నితత్వం, నాగరికత చెప్పడానికే వాడేవారట!

ఇక్కడే నాకు నవ్వొస్తుంది. టిల్నీ గారి ‘మొదట్లో’ ఎంత వెనకటిది? మహా అయితే వాళ్ల తాతగారి కాలం. మొదట్లో అది తెలివితక్కువ అన్న మాటని ఆయనకు తెలియదు. కొత్త అర్థం వచ్చి పాతదాన్ని చెడగొట్టిందని ఆయన బాధపడుతున్నాడు. ఆ పాతది కూడా అంతకు ముందుదాన్ని చెడగొట్టి వచ్చిందే. భాష పాడైపోతోందని ఎవరైనా వాపోతే, ఏ ఏటి భాష అని అడగాలనిపిస్తుంది నాకు. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే ఉంటుంది, తాను బళ్లో చదువుకున్ననాటిది అని.

ఆస్టెన్ ఎవరి పక్షం? ఎవరి పక్షమూ కాదు. తన సొంత ఉత్తరాల్లో ఆమె ఈ మాటను కాథరిన్ లాగే ఇష్టం వచ్చినట్టు వాడింది. ఈ నవల ఆమె 1798, 99లలో రాసింది. 1803లో ఒక ప్రచురణకర్త 10 పౌండ్లకు కొనుక్కుని అచ్చువేయకుండా అటక మీద పడేశాడు. చివరికి ఆమె చనిపోయాక, 1817 డిసెంబరులో, ‘పర్స్యుయేషన్’ అనే ఆమె చివరి నవలతో కలిపి నాలుగు సంపుటాలుగా వెలువడింది. ఆ ‘పర్స్యుయేషన్’లో ఇలియట్ అనే పెద్దమనిషి, అదే బాత్ నగరంలో, మంచి సాంగత్యం అంటే ఏమిటో నిర్వచిస్తాడు. వంశం, చదువు, మర్యాద ఉంటే చాలు, అందులోనూ చదువు విషయంలో లోకం అంత ‘నైస్’ కాదు అంటాడు. అంటే పెద్ద పట్టింపేమీ లేదని. ఒకే రచయిత్రి, ఒకే ఊరు, ఒకేసారి బజారుకొచ్చిన నాలుగు సంపుటాలు. ఒక చోట నైస్ అంటే భలేగా ఉంది అని, ఇంకో చోట పట్టింపు అని. అప్పటి పాఠకులు తికమకపడలేదు. వాళ్లకు రెండూ తెలుసు.

నూరేళ్లు గడిచాక, 1926లో, ఇంగ్లీషు వాడుక మీద ఫౌలర్ రాసిన ప్రసిద్ధ గ్రంథం వచ్చింది. ఆయనా ఈ మాట పాడైపోయిందనే అన్నాడు. నేరం మాత్రం ఆడవాళ్ల మీద వేశాడు. వాళ్లు ముద్దుచేసి ముద్దుచేసి దానికి వ్యక్తిత్వం లేకుండా చేశారట. టిల్నీ అయినా కాస్త సరసంగా అన్నాడు. ఫౌలర్ తర్వాత ఇంగ్లీషు మేష్టర్ల వంతు. వ్యాసంలో ‘నైస్’ కనబడితే ఎర్రసిరా గీత తప్పదు. మన దేశంలో కూడా ఆ గీతలు పడ్డవాళ్లు చాలామందే ఉంటారు.

‘నైస్’ పైకెక్కుతున్న రోజుల్లోనే ఇంగ్లీషులో ఇంకో మాట కిందికి జారింది. అది ‘సిల్లీ’. పాత ఇంగ్లీషులో దాని అర్థం ధన్యుడు, దైవానుగ్రహం పొందినవాడు. జర్మన్‌లో దాని తోబుట్టువు ఇప్పటికీ ఆ అర్థంతోనే బతుకుతోంది. ఇంగ్లీషులో మాత్రం పుణ్యాత్ముడు అమాయకుడయ్యాడు, అమాయకుడు జాలిపడదగ్గవాడయ్యాడు, ఆ జాలి కాస్తా ఎగతాళి అయింది. మనకూ ఉందిగా ఛాందసుడు. ఛందస్సు అంటే వేదం, వేదం నేర్చినవాడు ఛాందసుడు. ఇప్పుడు ఎవరినైనా అలా పిలిచి చూడండి. ఆ మాట నుంచి వచ్చిన చాదస్తమైతే ఇక చెప్పక్కర్లేదు.

సిల్లీ ఎందుకు దిగింది, నైస్ ఎందుకు ఎక్కింది? నాకు తోచేదేమంటే, దీనికి డబ్బుతో సంబంధం ఉంది. ఇది తినను, అది కట్టను అని వంకలు పెట్టాలంటే స్థోమత ఉండాలి. స్థోమత ఉన్నవాడి చాదస్తాన్ని లోకం అభిరుచి అంటుంది, లేనివాడిది చాదస్తంగానే మిగులుతుంది. ‘నైస్’ అనిపించుకున్నవాళ్లు ఎక్కువగా పట్టుబట్టలవాళ్లు. ‘సిల్లీ’ అనిపించుకున్నవాళ్లు గొర్రెల కాపరులు, పల్లెటూరి భక్తులు.

పాత అర్థాలు పూర్తిగా చచ్చిపోలేదు. మన కోర్టుల్లో ఇప్పటికీ ఒకటి బతికుంది. వాదనలు విన్నాక న్యాయమూర్తి ఇది ‘నైస్ క్వశ్చన్ ఆఫ్ లా’ అంటే, కొత్తగా నల్లకోటు వేసుకున్న జూనియర్ ముఖం వెలిగిపోవచ్చు. సీనియర్ ముఖం వెలగదు. ఎందుకంటే ఆ మాటకు అర్థం మీ ప్రశ్న బాగుందని కాదు. చిక్కు ప్రశ్న, గీత ఎక్కడ గీయాలో తేల్చడం కష్టం, ఇంకో నాలుగు వాయిదాలు పడతాయి అని. జాన్సన్ నాటి అర్థం హైకోర్టు మెట్లమీద క్షేమంగా ఉంది.

మర్యాద అన్న కొత్త అర్థం కంప్యూటర్లలోకి కూడా ఎక్కింది. యూనిక్స్, లైనక్స్ వ్యవస్థల మీద పనిచేసేవాళ్లకు ‘నైస్’ అనే ఆజ్ఞ తెలిసే ఉంటుంది. కంప్యూటరులో ఒకేసారి నడిచే పనుల్లో ఏది ముందు, ఏది వెనక అని చెప్పడానికి ఒక అంకె ఇస్తారు. అది మైనస్ 20 నుంచి ప్లస్ 19 దాకా ఉంటుంది. అంకె పెరిగినకొద్దీ ఆ పని అంత నైస్. మిగతావాటికి దారి ఇచ్చి, మొహమాటస్థుడు పెళ్లి పంక్తిలో ఆఖరికి కూర్చున్నట్టు, తన వంతు కోసం వెనకే ఉంటుంది. అంకె పెంచుకుని మర్యాద చూపడం ఎవరైనా చేయొచ్చు. తగ్గించుకుని ముందుకు తోసుకురావాలంటే మాత్రం పై అధికారం ఉన్నవాడి అనుమతి కావాలి.

ఇక తెలుగువాళ్లం ఈ మాటను ఏం చేశామో చూద్దాం. పిండిమరకు వెళ్లండి, తెలంగాణలో అయితే గిర్నీ. బియ్యం డబ్బా దించగానే మర అతను అడిగే మొదటి ప్రశ్న, నైస్‌గానా, బరకగానా? జంతికలకంటే నైస్‌గా కావాలి, ఉప్మా రవ్వకంటే బరకగా ఉండాలి. ఆయన మర బిగించి, గొట్టం కింద చెయ్యి పెట్టి, చిటికెడు పిండిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూస్తాడు. పలుకు తగిలితే తల అడ్డంగా ఊపి ఇంకో చుట్టు బిగిస్తాడు. గ్రైండరు ముందు నిలబడ్డ ఇల్లాలిదీ అదే లెక్క. గారెల పిండి ఒక పలుకు ఉండగానే తీసెయ్యాలి, దోశ పిండి నైస్‌గా నలగాలి. ఇంగ్లీషువాడు పిండిని నైస్‌గా పట్టించమనడు, వాడికి దానికి వేరే మాట ఉంది. మనకు మాత్రం ఇది మెత్తదనం కొలత. జాన్సన్ ఈ మాటను మెత్తదనంతో ముడిపెట్టి పొరబడ్డాడని అన్నాను కదా, మన పిండిమర చూసి ఉంటే ఆయన ఎంత సంబరపడేవాడో.

అక్కడితో ఆగామా? నైస్‌గా జారుకున్నాడు అంటాం. నలుగురూ బిల్లు కోసం చూస్తుండగా, ఫోను చెవిన పెట్టుకుని, ఎవరికీ అనుమానం రాకుండా గుమ్మం దాటినవాణ్ని. నైస్‌గా మాట్లాడి సంతకం పెట్టించుకున్నాడు అంటాం. నన్ను నైస్ చెయ్యకు అంటుంది తల్లి, పిల్లవాడు మెడ చుట్టూ చేతులేసి సినిమాకు డబ్బులడిగితే. మెత్తగా ఉంటుంది, గరుకు తగలదు, కానీ లోపల ఏదో పని పెట్టుకునే వచ్చాడు. ఈ అర్థం ఆక్స్‌ఫర్డ్ సంపుటాల్లో దొరకదు. పొరుగున తమిళులు కూడా ఈ మాటను మెత్తదనానికీ, చప్పుడు కాకుండా పని జరిపించుకోవడానికీ వాడతారు.

లండన్ నుంచి వచ్చిన అల్లుడితో, మీ బాబాయి ఉమ్మడి పొలాన్ని నైస్‌గా తన పేర రాయించేసుకున్నాడు బాబూ అని చెప్పి చూడండి. చాలా మర్యాదస్థుడన్నమాట అనుకుంటాడు.